డాక్టరు పాల్ బ్రాండ్

నెల్లూరు సముద్రతీరమున అలివి వల లాగు సమయము చూడదగినది. జాలరులు ఇసుకపై రెండు బారులుగా నిలిచి, మోకును పిడికిళ్ళతో బిగించి పట్టి, మడమలను ఇసుకలో గ్రుచ్చుచు వెనుకకు వెనుకకు నడతురు. అలల పోటు మోకును ఒకవైపునకు, వారి బలము మరియొకవైపునకు లాగుచుండును. ఆ పెనుగులాటలో భుజబలము ఎంత యున్నను, పిడికిలి బిగియనిచో ప్రయోజనము లేదు. ఇసుకపల్లి ఉప్పుమళ్ళలో ఉప్పును గీచి కుప్పవేయువానికిని, తీరమునకు ఎగువనున్న పొలములలో వంగి వరినారు నాటు స్త్రీకిని ఇదియే న్యాయము. నారు నాటవలెనన్న బొటనవ్రేలి కొన చూపుడువ్రేలి కొనను తాకవలయును. తాకనిచో కూలి లేదు. కూలి లేనిచో కూడు లేదు.

కుష్ఠువ్యాధి ఇట్టి చేతులనే చెఱచును. వ్రేళ్ళు లోనికి ముడుచుకొని గ్రద్దగోళ్ళవలె నగును. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు: చేతికి స్పర్శ నశించును. మోకు ఒరసి అరచేయి చీలినను, పొయ్యిలోని నిప్పు సోకి వ్రేలు కాలినను ఆ మనుష్యునకు తెలియదు. ఇట్టి చేతులను బాగుచేయవచ్చునని లోకమునకు చూపిన చోటు నెల్లూరునకు మిక్కిలి దూరము కాదు. గూడూరులో రైలెక్కి తిరుపతి, పాకాల మార్గమున కాట్పాడి చేరినచో వేలూరు వచ్చినట్లే. చిత్తూరు, నెల్లూరు మండలముల నుండి రోగులు ఆ ఊరికి పోవుట నాడును గలదు, నేడును గలదు. అచ్చట ఆ కార్యమును సాధించినవాడు పాల్ బ్రాండ్.

ఆయన ఆంగ్లేయ దంపతుల కుమారుడైనను, మన దక్షిణదేశమున పుట్టినవాడే. 1914వ సంవత్సరము జూలై 17వ తేదీన తమిళదేశమందలి కొల్లిమలలో జన్మించెను. తండ్రి జెస్సీ బ్రాండ్, తల్లి ఎవెలిన్. వారు క్రైస్తవ మిషనరీలు. ఆ కొండలపై మార్గములు లేవు, వైద్యులు లేరు. జెస్సీ బ్రాండ్ స్వల్పముగా నేర్చిన వైద్యముతో పండ్లు పెరికెడివాడు, వ్రణములు కడిగెడివాడు, ఇండ్లు కట్టించెడివాడు. పిల్లవాడు చెట్లెక్కుచు, కొండవాండ్ర బిడ్డలతో ఆడుచు పెరిగెను. ఒకనాడు ముగ్గురు కుష్ఠురోగులు వారి ఇంటికి వచ్చిరి. ఎవరికిని చేతితొడుగులు లేకుండ వైద్యము చేయు ఆ తండ్రి, ఆనాడు మాత్రము తొడుగులు ధరించి వారి పుండ్లను కడిగి కట్టు కట్టెను. వారు కూర్చున్న తావును తాకరాదని పిల్లలకు చెప్పిరి. ఆ భయము బాలుని మనస్సున నాటుకొనెను. ఆ భయమే మరియొక రూపమున పెద్దతనమున ఆయనను వెన్నాడెను. అది ముందు తెలియగలదు.

తొమ్మిదవ యేట, 1923లో, అతనిని చెల్లెలితోగూడ చదువునకై ఇంగ్లండునకు పంపిరి. ఆరేండ్లు గడచెను. 1929లో తండ్రి మలేరియాకు సంబంధించిన జ్వరముచే కొండపైననే మరణించెను. కుమారుడు మరల ఆయనను చూడలేదు.

బంధువొకరు వైద్యవిద్యకు ధనమిచ్చెదనన్నను పాల్ ఒల్లడయ్యెను. తండ్రివద్ద చూచిన చీము, నెత్తురు తలంపునకు వచ్చి అతనికి రోత పుట్టెడిది. తండ్రివలె ఇండ్లు కట్టవలెనని కోరి, కొన్ని సంవత్సరములు వడ్రంగము, రాతిపని, తాపీపని నేర్చెను. తోటివారు కళాశాలలకు పోవుచుండ ఇతడు రంపము పట్టుట వ్యర్థకాలక్షేపమని ఎవరైన తలచియుండిన తలచియుందురు. ఆ చేతిపనియే తరువాత ఆయనకు పెట్టుబడి యయ్యెను. వడ్రంగికి కొయ్య యొక్క ఈనె తెలియవలయును. శస్త్రవైద్యునకు మాంసము యొక్క పొర తెలియవలయును.

మిషనరీలకు ప్రాథమిక చికిత్స నేర్పు తరగతిలో చేరినప్పుడు, ఒక రాత్రి ఆసుపత్రికి ప్రమాదములో గాయపడిన యువతిని తెచ్చిరి. నెత్తురంతయు కారిపోయి, ఆమె ముఖము మైనమువలె తెల్లబడియుండెను. సీసాతో రక్తమెక్కించిరి. చూచుచుండగనే చెక్కిళ్ళు ఎఱ్ఱవారెను, పెదవులు కదలెను, కన్నులు తెరచెను. ఏ రక్తమును చూచి రోసెనో ఆ రక్తమే ప్రాణమని ఆ రాత్రి పాల్ బ్రాండ్‌కు తోచెను. 1937లో లండనులోని యూనివర్సిటీ కళాశాల ఆసుపత్రిలో వైద్యవిద్యార్థిగా చేరెను. రెండేండ్లకు యుద్ధము వచ్చెను. లండనుపై బాంబులు పడుచుండగా రాత్రులందు గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేయుచు ఆయన పని నేర్చెను. తోడి విద్యార్థిని యైన మార్గరెట్ బెర్రీని 1943లో వివాహమాడెను. ఆమె తరువాత కుష్ఠురోగుల నేత్రచికిత్సలో ప్రసిద్ధి కెక్కెను.

వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ స్త్రీలకై 1918లో స్థాపించిన వైద్యపాఠశాల అప్పుడు పూర్తి కళాశాలగా మారుచుండెను. బోధకులు కావలసియుండిరి. కుష్ఠువైద్యమున పేరుగాంచిన డాక్టరు రాబర్టు కాక్రేన్ పిలుపుపై, 1946 చివర పాల్ బ్రాండ్ వేలూరు చేరెను. శస్త్రచికిత్స బోధించుటకు వచ్చినాడే గాని కుష్ఠువును గూర్చి ఆయనకు తెలిసినది అత్యల్పము.

1947లో కాక్రేన్ ఆయనను చెంగల్పట్టులోని కుష్ఠురోగుల ఆసుపత్రికి తీసికొనిపోయెను. తోటలో నడచుచు బ్రాండ్ రోగుల ముడుచుకొనిపోయిన చేతులను చూచి, ఇట్లేల జరుగునని అడిగెను. కాక్రేన్ చర్మవైద్యుడు, ఎముకల వైద్యులెవరును ఈ చేతులవంక కన్నెత్తి చూడలేదని ఆయన బదులు. లోకమున కోట్లకొలది జనులకు పట్టిన రోగము, దానివలన వంకరపోయిన చేతులు, వానిని పరీక్షించిన శస్త్రవైద్యుడు లేడు! బ్రాండ్ ఒక రోగిని తన చేతిని గట్టిగా పట్టుకొమ్మనెను. చచ్చుబడినదనుకొన్న ఆ చేయి ఇనుప పట్టుకారువలె బిగిసి, గోళ్ళు ఆయన చర్మములో దిగెను. నొప్పికి బ్రాండ్ కేక వేసెను. రోగికి తానెంత గట్టిగా పట్టెనో తెలియదు. ఆ నొప్పిలోనే బ్రాండ్‌కు ఒక సత్యము గోచరించెను. ఈ చేతిలో కొన్ని కండరములు చచ్చినవి గాని, మరికొన్ని సంపూర్ణబలముతో నున్నవి.

ఇచ్చట చేతి నిర్మాణమును కొంచెము తెలిసికొనవలయును. వ్రేళ్ళను ముడుచు పెద్ద కండరములు వ్రేళ్ళలో లేవు, ముంజేతిలో నున్నవి. వానినుండి స్నాయువులను తెల్లని త్రాళ్ళు మణికట్టు దాటి వ్రేళ్ళవరకు పోవును. తోలుబొమ్మలాటలో తెరవెనుకనున్నవాడు దారములను లాగినప్పుడు బొమ్మ చేయి ఎత్తినట్లే ఇదియును. అరచేతిలో చిన్న కండరములు మరికొన్ని కలవు. అవి పెద్దవాని బలమును సరితూచి, వ్రేలు ఒద్దికగా వంగునట్లు చేయును. కుష్ఠువు మోచేతివద్దను, మణికట్టువద్దను చర్మమునకు దగ్గరగా పోవు నరములను దెబ్బతీయును. ఆ తావులు శరీరములోని ఇతర భాగములకంటె చల్లగా నుండును. ఆ క్రిమికి చల్లదనము ఇష్టము. నరము చెడగా చిన్న కండరములు చచ్చును. ముంజేతిలోని పెద్ద కండరములు మాత్రము చాలవరకు చెడవు. సరితూచువారు లేక అవి తమ ఇచ్చవచ్చినట్లు లాగగా చేయి గోరుగాలమువలె వంకరపోవును. బ్రాండ్ ఈ క్రమమును వందలకొలది రోగులను పరీక్షించియు, మరణించినవారి నరములను శోధించియు నిర్ణయించెను.

క్రమము తెలిసినపిమ్మట ఉపాయము తోచెను. ముంజేతిలో ఆరోగ్యముగానున్న ఒక కండరపు స్నాయువును దాని తావునుండి విడదీసి, పాయలుగా చీల్చి, చర్మముక్రింద సొరంగమువంటి మార్గమున గొనిపోయి, చచ్చిన కండరములు చేయవలసిన పని చేయునట్లు వ్రేళ్ళకు కుట్టవలయును. పోలియో రోగులకు ఇట్టి చికిత్స అప్పటికే కలదు. కుష్ఠురోగుల మాంసము కుళ్ళు మాంసమనియు, కోసిన గాయము మానదనియు లోకము నమ్మియుండుటచే వారికెవరును చేయలేదు. ఆసుపత్రిలో వారికి మంచమిచ్చుటకు సైతము పలువురు జంకిరి. ఇతర రోగులు పారిపోవుదురని వారి భయము. తుదకు ఆవరణలో ఒక చిన్నగది దొరకెను. 1948లో బ్రాండ్ మొదటి చేతికి శస్త్రచికిత్స చేసెను. గాయము అందరి గాయములవలెనే మానెను.

కత్తిపని ముగిసినంతనే చేయి రాలేదు. వ్రేళ్ళు ఏండ్లతరబడి ముడుచుకొని కీళ్ళు బిగిసియుండగా క్రొత్త స్నాయువు మాత్ర మేమి చేయగలదు? బిగిసిన వ్రేలిని బలవంతముగా చాచినచో లోపల చినిగి మరింత బిగియును. అందుచే బ్రాండ్ వ్రేలికి పారిసు ప్లాస్టరుతో సన్నని గొట్టమువంటి తొడుగు వేసి, కొన్ని దినములకొకసారి దానిని తీసి, కొంచెము చాచి, మరల క్రొత్త తొడుగు వేసెడివాడు. ప్రతిసారియు వెండ్రుకవాసి లాభము. బలాత్కారము లేకుండ తిన్నగా నిలిపినచో మాంసము తానే పెరిగి సర్దుకొనును. రూథ్ థామస్ అను వ్యాయామచికిత్సకురాలు రోగుల ప్రక్కన గంటలకొలది కూర్చుండి ఒక్కొక్క వ్రేలికి పాఠము చెప్పెను. నిన్నటివరకు మణికట్టును కదల్చిన కండరము నేడు వ్రేలిని కదల్చవలయును. ఆ సంగతి కండరమునకు గాక మెదడునకు బోధపడవలయును. అది పలక పట్టిన బాలుడు అక్షరము దిద్దుటవంటిదే.

చేతులు బాగుపడిన రోగులు ఇండ్లకు పోయిరి. కొంతకాలమునకు కొందరు మరల వచ్చి ఒక విచిత్రమైన మొఱ పెట్టిరి. పూర్వము వంకర చేతిని చాచినచో జాలిపడి కాసు వేసెడివారు. ఇప్పుడు చేయి చక్కగానున్నందున బిచ్చము రాలుటలేదు. కుష్ఠు మచ్చలు చూచి పని ఇచ్చువారును లేరు. ఈ మాట విని బ్రాండ్ ఎంత నొచ్చుకొనెనో ఊహింపవచ్చును. చేతినిచ్చి కూటిని తీసినట్లయ్యెను! అందుచే వేలూరు చెంత నవజీవ నిలయమను పేర మట్టిగోడలు, పూరికప్పులు గల చిన్న పల్లెను నిర్మించి, రోగులకు చేతివృత్తులు నేర్ప నారంభించెను. నాడు నేర్చిన వడ్రంగము ఇప్పుడు అక్కరకు వచ్చెను. ఆయన స్వయముగా ఉలి పట్టి బాలురకు బొమ్మలు చేయుట నేర్పెను.

ఆ పల్లెలోనే ఆయన జీవితములోని ముఖ్యమైన పరిశోధన జరిగెను. ఒకనాడు కొట్టుగది తాళము త్రుప్పుపట్టి తెరచుకొనలేదు. బ్రాండ్ బలమంతయు ఉపయోగించినను తాళపుచెవి తిరుగలేదు. బాలుడొకడు వచ్చి క్షణములో త్రిప్పివేసెను. ఇంత బలమెక్కడిదని ఆశ్చర్యపడుచుండగనే నేలపై నెత్తుటి బొట్లు కనిపించెను. తాళపుచెవి బాలుని వ్రేలిని ఎముకదాక కోసియుండెను. అతనికి తెలియనే లేదు. మనకు వ్రేలు నొచ్చినంతనే పట్టు సడలింతుము. ఆపుమని చెప్పువాడు ఆ బాలునకు లేడు. కుష్ఠురోగుల వ్రేళ్ళు రోగముచేతనే రాలిపోవునని లోకమంతయు నమ్మియుండెను. బ్రాండ్ ప్రతి గాయమునకును కారణము వెదకి వ్రాయించెను. కాగిన పాత్ర, మేకు, సుత్తిపిడిలోని చీలిక, రాజుచున్న దీపపు చిమ్నీ ఒకదానివెంట ఒకటి బయటపడెను. కొందరి వ్రేళ్ళు మాత్రము రాత్రికి రాత్రి లోపించుటకు హేతువు దొరకలేదు. ఒక రాత్రి కావలి కూర్చుండగా ఎలుకలు వచ్చి, నిద్రించువాని వ్రేలిని కొరుకుట కనబడెను! నొప్పి లేనివానికి మెలకువ యెట్లు వచ్చును? నాటినుండి నిలయమును విడిచి ఇంటికి పోవువారికి పిల్లిని ఇచ్చి పంపెడివారు. పిల్లి కూడ ఒక వైద్యసాధనమే యయ్యెను. పనిముట్ల పిడులను లావుచేసి నునుపు చేయించిరి. ప్రతి సాయంకాలము ఒకరి చేతులు ఒకరు పరీక్షించుకొనుట నియమమయ్యెను. గాయములు తగ్గెను, వ్రేళ్ళు నిలిచెను.

ఆ దినములలోనే బ్రాండ్‌కు ఒక కాళరాత్రి వచ్చెను. దూరప్రయాణము చేసి ఇంగ్లండు చేరి, మేజోడు తీయుచుండగా ఆయన మడమకు స్పర్శ తెలియలేదు. సూది గ్రుచ్చుకొనెను, నొప్పి లేదు. తనకును కుష్ఠువు వచ్చినదని నిశ్చయించుకొని, భార్యాబిడ్డలకు దూరముగా బ్రతుకవలసిన దినములను తలచుచు తెల్లవార్లు మేలుకొనెను. ఉదయమున సూదిని మరల గ్రుచ్చగా భరింపరాని బాధ కలిగెను. రైలులో కదలక కూర్చుండుటచే నరము తిమ్మిరెక్కినదే గాని వ్యాధి కాదు. బాల్యమున చూచిన తండ్రి చేతితొడుగుల భయము ఆ రాత్రి నిలువెల్ల ఆవహించినదని మనము గ్రహింపవచ్చును. నొప్పిని వరమని ఆయన భావింప నారంభించినది ఆ ఉదయమునుండియే.

వేలూరులో ఆయన శిష్యులలో డాక్టరు మేరీ వర్గీస్‌ను స్మరింపక పోరాదు. 1954లో మోటారు ప్రమాదమున ఆమెకు నడుము దిగువభాగము చచ్చుబడెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. చేతికి చేయు శస్త్రచికిత్సలో వైద్యుడు కూర్చుండియే పని చేయవచ్చును గదా! తరువాత వికలాంగుల పునరావాస వైద్యమునకై వేలూరులో ప్రత్యేక శాఖను, 1966లో ఒక సంస్థను నెలకొల్పుటకు ఆమెయే మూలము.

ఆ 1966లోనే బ్రాండ్ అమెరికాలో లూసియానా రాష్ట్రమందలి కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెడలెను. అచ్చట ధనము, యంత్రములు, ఇంజనీర్లు గలరు. చిరకాలముగా తన మనస్సున మెదలుచున్న కోరికను ఆయన బయటపెట్టెను. నొప్పి లేనివానికి కృత్రిమమైన నొప్పిని చేతికి తొడుగరాదా?

ఆలోచన సులభము, ఆచరణ దుష్కరము. ఒత్తిడిని కొలుచు సన్నని లోహపు పరికరములను చేతితొడుగులో వ్రేళ్ళ కొనలయందు అమర్చిరి. ఒత్తిడి మేర మీరినచో తీగెద్వారా చెవి యంత్రములో మ్రోత వినబడును. పరికర మొక్కొక్కటి వందలాది డాలర్ల వెల. చెమటకు, వంగుటకు అవి త్వరలోనే చెడిపోయెడివి. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. మ్రోత వినినను రోగులు పని ఆపలేదు. దీపము వెలుగునట్లు చేసిరి. దానిని చూచియు చూడనట్లుండిరి. తుదకు స్పర్శ మిగిలియున్న చంకలో విద్యుత్తు తాకునట్లు అమర్చిరి. అది బాధించెను. అప్పుడేమి జరిగెను? బిగిసిన మరను త్రిప్పవలసివచ్చినప్పుడు రోగి మీటను నొక్కి యంత్రమును ఆపి, మరను త్రిప్పి, మరల యంత్రమును నడిపించుకొనెడివాడు! బాధను మానుటకు పనిని మానలేదు, బాధనే మానిపించుకొనెను.

కొన్ని సంవత్సరముల శ్రమ, విశేషధనము వ్యయమైన పిమ్మట బ్రాండ్ ఆ ప్రయత్నమును విరమించెను. దేహములోని నొప్పి మనకు లోబడదు. అందుచేతనే అది మనలను కాపాడును. మీట మన చేతిలోనున్న నొప్పి వట్టి సలహా మాత్రమే. సలహాను ఎందరు వినిరి?

అయినను ఆ పరికరములు వ్యర్థము కాలేదు. నడకలో పాదముమీద ఎచ్చట ఎంత బరువు పడునో అవి చూపెను. రంగునింపిన సూక్ష్మగుళికలను మేజోడులో పెట్టి, ఒత్తిడి అధికమైన చోట గుళిక పగిలి రంగు అంటునట్లు చేసిరి. అల్పమైన ఒత్తిడియైనను వేలసారులు ఒకేచోట పడినచో పుండగునని తేలెను. మధుమేహమువలన పాదముల స్పర్శ కోల్పోయినవారికిని ఇదియే వర్తించును. నేడు అట్టివారికి మెత్తని చెప్పులు, ప్లాస్టరు తొడుగులు ఇచ్చు పద్ధతికి కార్‌విల్ పరిశోధనలు తోడ్పడినవి. మన దేశమున మధుమేహరోగులు కోట్లలో నున్నారు గనుక ఆ ఫలము మనవారికిని చెందినది.

చేతితొడుగుల ప్రయత్నమును తరువాతివారు విడువలేదు. పక్షవాతమున చేయి పడిపోయినవారికై మెత్తని తొడుగులు వచ్చినవి. వానిలో సన్నని త్రాళ్ళు వ్రేళ్ళ వెంబడి పోవును. చిన్న మోటారు ఆ త్రాళ్ళను లాగగా వ్రేళ్ళు ముడుచుకొనును, విప్పుకొనును. బ్రాండ్ చర్మముక్రింద నడపిన స్నాయువే ఇచ్చట చర్మముపైకి వచ్చినదనవచ్చును. ఒత్తిడిని తెలుపు పరికరములు నాటికంటె చౌకయైనవి, పలుచనైనవి. కుష్ఠువునకును నేడు నికరమైన మందున్నది. 1982 నుండి ప్రచారములోనికి వచ్చిన బహుళౌషధ చికిత్స మన ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. తొలిదశలోనే వాడినచో నరములు చెడకుండ కాపాడవచ్చును. స్పర్శలేని మచ్చను దాచుకొనువారే ఆలస్యముచేత చేతులు పోగొట్టుకొనుచున్నారు.

బ్రాండ్‌కు బిరుదములు, బహుమానములు పెక్కు వచ్చినవి. 1960లో లాస్కర్ బహుమానము లభించెను. 1961లో బ్రిటిషు ప్రభుత్వము సన్మానించెను. చేతి కదలికలలోని యంత్రశాస్త్రమును గూర్చి 1985లో ఆయన వ్రాసిన గ్రంథమును చేతిశస్త్రవైద్యులు ప్రామాణికముగా నెంచిరి. 1986లో కార్‌విల్‌లో పదవి విరమించి, సియాటిల్ నగరమున నివసించి, అచ్చటి విశ్వవిద్యాలయమున బోధించెను. 2003వ సంవత్సరము జూలై 8వ తేదీన, ఎనుబది తొమ్మిదవ జన్మదినమునకు తొమ్మిది దినముల ముందు, అచ్చటనే మరణించెను. ఆయన వేలూరులో నున్న కాలమున, 1955లో, ఆ ఊరికి చేరువనున్న కరిగిరిలో వెలసిన కుష్ఠు పరిశోధనాలయము ఇప్పటికిని పనిచేయుచున్నది.